గొంతుక్కూచోలేని ఆటగాళ్లు

పదిహేనేళ్ల కుర్రాడు. పొద్దున తిరుత్తణి రోడ్డు మీద పరుగు, సాయంత్రం కబడ్డీ, మధ్యలో గ్లాసుడు ప్రొటీను పొడి. అలాంటివాణ్ని మడమలు నేలకు ఆనించి గొంతుక్కూచోమంటే కూచోలేడు. మడమలు లేస్తాయి, లేదా వెనక్కి పడతాడు. ఎప్పుడు చూసినా మోకాలికి సాగే పట్టీ ఉంటుంది. ఏమిరా అంటే, "ప్రాక్టీసు ఎక్కువైంది తాతా" అంటాడు. నీ చీలమండ వంగడం లేదు నాయనా, అది చెయ్యాల్సిన పని మోకాలు చేస్తా ఉంది అని చెప్పేవాడు వాడికి లేడు. మా కే.జీ.కండిగైలో ఇలాంటి పిల్లలు ఒకరిద్దరు కారు. మైదానంలో ఎవరిని కూచోబెట్టి చూసినా ఇదే వరస. నాకు కడుపు మండేది అందుకే.

నేను ఈ చుట్టుపట్ల బడుల్లో పీటీ మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. పుట్టింది చిత్తూరు జిల్లాలో. 1960 ఏప్రిల్లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసినప్పుడు ఇల్లు కదలకుండానే చెంగల్పట్టు జిల్లావాళ్లమైనాం, 1997లో తిరువళ్లూరు జిల్లావాళ్లమైనాం. జిల్లాలు మారినా ఇంట్లో తెలుగు మారలేదు. మేం కూచునే తీరు మాత్రం మారిపోయింది.

మా రోజుల్లో కుర్చీ అనేది కరణం ఇంట్లోనో, బడిలో అయ్యవారి కిందో ఉండేది. మిగతా ఊరంతా నేల మీదే. అన్నం బాసిపట్లేసుకుని, పొయ్యి ముందు గొంతుక్కూచుని, చెనిక్కాయలు ఒలిచేటప్పుడు ఒక మోకాలు పైకెత్తి. చెంబు తీసుకుని చెరువు గట్టుకు పోవడం సరేసరి. రోజుకు ఎన్నిసార్లు నేలకు దిగి లేచేవాళ్లమో ఎవరూ లెక్క పెట్టలేదు. చీలమండ, మోకాలు, తుంటి మూడూ చివరంటా మడిచి, చివరంటా చాపేవాళ్లం. దానికి వ్యాయామమని పేరు లేదు, బతుకంతే.

ఏతాం తొక్కేవాళ్లను చూసినవాళ్లు ఇంకా కొందరైనా ఉంటారు. బావి దగ్గర పొడుగాటి దూలం, దాని మీద మనిషి ముందుకూ వెనక్కూ నడుస్తుంటే బాన దిగుతుంది, లేస్తుంది. వట్టికాళ్లు, కాలివేళ్లతో దూలాన్ని పట్టుకోవాలి, తుంటి కుదురుగా ఉండాలి, కళ్లు ముందుకు చూడాలి. ఇప్పుడు పట్నంలో రబ్బరు బంతిని సగానికి కోసినట్టున్న దాని మీద నిలబెట్టి, బ్యాలెన్సు ట్రైనింగని ఫీజు తీసుకుంటున్నారు. ఇక ఆడికృత్తిక పండగ వస్తే కావడి భుజానికెత్తుకుని చెప్పులు లేకుండా తిరుత్తణికి నడిచి, స్వామి కొండ 365 మెట్లూ ఎక్కేవాళ్లం. బరువు భుజాన పెట్టుకుని మెట్టెక్కడం ఒంటికాలి మీద లేవడమే. ఇప్పుడు కొండ మీదికి బండ్లు పోతాయి, కుర్రాళ్లు బండి దిగి దర్శనం క్యూలో నిలబడి నడుం నొప్పంటున్నారు.

అట్లాగని ఆ రోజుల్లో అందరి ఒళ్లూ విల్లులా వంగేదని నేను చెప్పను. మా చుట్టూ మగ్గాలుండేవి. గుంటలో కాళ్లు వేలాడేసి పొద్దంతా ముందుకు వంగి నేసిన మనిషి నలభై ఏళ్లకే వీపు గూని తిరిగి, చెయ్యి నెత్తి మీదికి నిటారుగా ఎత్తలేకపోయేవాడు. ఆడపిల్లలను మైదానంలోకి రానిచ్చేవాళ్లే కాదు. ఎముక విరిగితే నగరి దాటి పుత్తూరు కట్టుకు పోయేవాళ్లం. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలతో కట్టిన కట్టు విప్పాక, బిగుసుకుపోయిన ఆ కీలును మళ్లీ కొంచెం కొంచెం తిప్పించాలని మా ఇళ్లల్లో ఎవరికీ తెలిసేది కాదు. విరిగిన చెయ్యి అతుక్కునేది, మోచెయ్యి మాత్రం వంకరగా నిలిచిపోయేది. వాడు ఇక బంతి విసిరేవాడు కాదు.

అయినా మా డ్రిల్లు మాస్టరు ఒక పని చేసేవాడు. కొత్తగా వచ్చిన పిల్లవాణ్ని వెంటనే పరిగెత్తించేవాడు కాదు. ముందు నడిపించేవాడు, తర్వాత గొంతుక్కూచోబెట్టేవాడు. చేతులు పైకెత్తమని పక్కకు పోయి చూసేవాడు. చెరువు కింద తడి ఇసకలో నడిపించి అడుగులు ఎలా పడ్డాయో వంగి చూసేవాడు. పాదం మధ్య వంపు పడని పిల్లాడికి కాలివేళ్లతో గోలీలు ఎత్తే పని పెట్టేవాడు. ఆయన చదివింది కొంచెమే. కానీ ఎవరికి ఏం తక్కువో చూసి గానీ ఎవరికి ఏం చెయ్యాలో చెప్పేవాడు కాదు. ఇప్పటి కోచింగు సెంటర్లలో కనబడనిది ఆ చూపే.

విచిత్రమేమంటే, అదే చూపును పెద్ద శాస్త్రంగా రాసిపెట్టినవాళ్లు ఉన్నారు. అమెరికాలో గ్రే కుక్, లీ బర్టన్ అనే ఇద్దరు 1990లలో ఫంక్షనల్ మూవ్‌మెంట్ స్క్రీన్ అని ఒక పరీక్ష తయారుచేశారు. ఏడు కదలికలు. కర్రను నెత్తి మీదికెత్తి గొంతుక్కూచోవడం, అడ్డుకట్టిన తాడు దాటడం, ఒకే గీత మీద అడుగేసి కుంగడం, వీపు వెనక రెండు చేతులూ దగ్గరకు తేవడం, వెల్లకిలా పడుకుని ఒక కాలు నిటారుగా లేపడం, బోర్లా పడుకుని దండీ తీయడం, చేతులూ మోకాళ్లూ నేలకానించి చెయ్యీ కాలూ చాచి మళ్లీ దగ్గరకు తేవడం. సరిగ్గా చేస్తే 3, ఎక్కడో వంకర పోయి చేస్తే 2, చెయ్యలేకపోతే 1. నొప్పి వస్తే ఎంత బాగా చేసినా 0. మొత్తం 21. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ సున్నా. నొప్పి పుట్టిందంటే కసరత్తు ఆపి డాక్టరు దగ్గరకు పొమ్మని దాని అర్థం. మన దగ్గర నొప్పి అంటే, "ఓర్చుకో, మగాడివి కాదా" అంటారు.

ఆ మార్కులను కూడా గుడ్డిగా నమ్మకూడదు. 14 లేదా అంతకన్నా తక్కువ వచ్చిన అమెరికా ఫుట్‌బాల్ ఆటగాళ్లకు దెబ్బలు ఎక్కువ తగిలాయని 2007లో ఒక పరిశోధన వచ్చింది. తర్వాత చాలామంది పరిశీలించి, మొత్తం మార్కును బట్టి ఫలానావాడికి దెబ్బ తగులుతుందని జోస్యం చెప్పలేమని తేల్చారు. నిజమే, మార్కు జాతకం కాదు. ఎక్కడ బిగిసి ఉంది, కుడికీ ఎడమకీ తేడా ఎంత, ఈ రెండూ తెలిస్తే చాలు, పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

దీనికి మిషన్లు అక్కరలేదు. గోడ, టేపు ఉంటే చాలు. వట్టికాలితో గోడకెదురుగా నిలబడి, పాదం వెనక్కి జరుపుకుంటూ, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకాలి. తాకగలిగినంత దూరంలో బొటనవేలికీ గోడకూ మధ్య ఎన్ని సెంటీమీటర్లున్నాయో కొలవాలి. పది సెంటీమీటర్లుంటే బాగున్నట్టు. కుడి పదకొండు, ఎడమ ఆరు వచ్చిందంటే అక్కడ ఆగి ఆలోచించాలి. ఎప్పుడో మెలిక పడి సరిగ్గా మానని చీలమండ అయి ఉంటుంది.

ఆ కాస్త వంపుకు ఇంత రాద్ధాంతమెందుకు అంటారు. వాలీబాల్లో పైకెగిరి స్మాష్ కొట్టినవాడు కింద పడేటప్పుడు మొదట వంగి ఆ అదురును మింగాల్సింది చీలమండ. అది వంగకపోతే మడమ ముందే లేస్తుంది, పాదం లోపలికి ఒరుగుతుంది, మోకాలు లోపలికి పడుతుంది. మోకాలి చిప్ప కింది నరం లాంటి పట్టు మీద రోజూ అదే దెబ్బ. వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లలో చీలమండ వంపు తక్కువున్నవాళ్లకే ఆ చోట నొప్పి ఎక్కువగా వస్తుందని పరిశోధకులు చూపించారు. మరి మనవాళ్లేం చేస్తున్నారు? ఆ మోకాలికి పట్టీ కట్టి, స్ప్రే కొట్టి, ఇంకో వంద జంపులు చేయిస్తున్నారు. ఇరుసు బిగిసిన బండికి ఇంకో జత ఎద్దులను కట్టినట్టు.

కబడ్డీ సంగతి చూడండి. మేం చెడుగుడు ఆడింది మన్ను మీద, వట్టికాళ్లతో. మన్ను జారేది, ఆ జారుడే కాలిని కాపాడేది. ఇప్పుడు మ్యాటు, రబ్బరు బూట్లు. మ్యాటు పట్టుకుంటుంది, పాదం అక్కడే అతుక్కుని ఒళ్లు మాత్రం తిరుగుతుంది, ఆ మెలిక మోకాల్లోకి పోతుంది. 2014లో ప్రో కబడ్డీ వచ్చాక ప్రతి ఊరి పిల్లాడికీ మ్యాటు కావాలి, బూట్లు కావాలి. మ్యాటు కావాలంటే కొనండి, నేను వద్దనను. దాని మీదికి దిగే కాళ్లను ముందు కొలవండి.

సెల్‌ఫోన్లో చూసి నేర్చుకున్న వామప్పు ఇంకో పీడ. పరుగుపందేనికి ముందు గట్టు మీద కాలు పెట్టి రెండు మూడు నిమిషాలు లాగి పట్టుకుని నిలబడతారు. ఒకే కండరాన్ని నిమిషానికి మించి లాగి వెంటనే పరిగెత్తితే, దూకితే, ఆ వేగం, ఆ ఊపు కొంచెం తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. పందేనికి ముందు కదులుతూ వేడెక్కాలి. నడక, మోకాళ్లెత్తి అడుగులు, కాలు ఊపడం, చిన్న చిన్న పరుగులు. లాగి పట్టుకునే పని ఆట అయిపోయాకో, రాత్రి పడుకునే ముందో పెట్టుకోవాలి.

గొంతుక్కూచోవడం పల్లెటూరి పని అనుకునేవాళ్లకు కరణం మల్లీశ్వరిని చూపిస్తాను. శ్రీకాకుళం జిల్లా పిల్ల, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. స్నాచ్ అంటే ఏమిటి? బరువును నెత్తి మీదికి విసిరి, దాని కింద గొంతుక్కూచుని, లేవడం. చీలమండ, తుంటి, వీపు పైభాగం, భుజం, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి బిగిసినా ఆ బరువు ముందుకో వెనక్కో పోతుంది. మనకు దగ్గర్లోనే, వేలూరు సత్తువాచ్చారి నుంచి సతీష్ శివలింగం పోయి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 77 కిలోల విభాగంలో 328 కిలోలెత్తి బంగారం తెచ్చాడు, 2018 గోల్డ్ కోస్ట్‌లో మళ్లీ తెచ్చాడు. బరువులెత్తితే ఒళ్లు బిగుసుకుంటుందని మా కాలంలో భయపెట్టేవాళ్లు. కీలు చివరంటా మడిచి, చాపి చేసే బరువు పని వల్ల సాగదీతతో సమానంగా కీలు వదులవుతుందని ఇప్పుడు తేలింది. సగం సగం కుంగి లేచే జిమ్ము పనికి ఆ గుణం లేదు. పహిల్వాన్ల బస్కీలో మడమ లేస్తుంది కాబట్టి తొడకు బలమొస్తుంది గానీ చీలమండకు వంపు రాదు. గుంజీళ్లలో మడమ నేల మీదే ఉంటుంది. రెండూ ఒకటేనని కలిపెయ్యకూడదు.

మరి బిగుసుకుపోయినవాణ్ని ఏం చెయ్యాలి? నా పద్ధతి ఇది. పిక్కను అర నిమిషం చొప్పున కొన్నిసార్లు సాగదీయించి, గోడ దగ్గర మోకాలిని ముందుకూ వెనక్కూ ఊపిస్తాను. తర్వాత మడమల కింద సన్న చెక్క పెట్టి, గుండెల దగ్గర ఒక ఇటుకో నీళ్ల డబ్బానో పట్టుకోమని గొంతుక్కూచోబెడతాను. ముందున్న బరువు వాణ్ని వెనక్కి పడనివ్వదు. వారాలు గడిచేకొద్దీ చెక్క పలచన చేసి తీసేస్తాను. కీలు వదిలితే సరిపోదు, వదిలిన ఆ మేర మీద పట్టు రావాలి, అందుకే అడుగున కాసేపు నిలిపి లేపుతాను. పట్టు వచ్చాకే జంపులు. మళ్లీ గోడ, మళ్లీ టేపు. కొలత మారకపోతే ఆ కసరత్తు వాడికి సరిపడలేదని, ఇంకోటి చూడాలి. పరిగెత్తేవాళ్లకు తొడ వెనక కండరం కోసం, మోకాళ్ల మీద నిలబడి మడమలను ఒకరు పట్టుకోగా నిదానంగా ముందుకు ఒరిగే నార్డిక్ కసరత్తు చేయిస్తాను. ఫుట్‌బాల్ జట్లలో ఇది చేసినవాళ్లకు ఆ కండరం దెబ్బలు దాదాపు సగం తగ్గాయి. మా కాలంలో ఇది ఎవరికీ తెలీదు. తెలిసుంటే నా ఈడు పరుగుగాళ్లు కొందరు అంత తొందరగా కూలబడేవాళ్లు కారు.

ఆడపిల్లల విషయంలో నాకు ఈ కాలమే నచ్చుతుంది. విశాఖపట్నం పిల్ల జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి భారతీయురాలు. పది అడ్డంకులు, ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. తుంటి తెరుచుకోని కాలు వాటిని దాటుతూ ప్రతిసారీ నడుమును పక్కకు లాగుతుంది, సెకన్లో వందో వంతులు పోతాయి. మా ఊరి అమ్మాయిలకూ ఆ వేగం ఉంది. పొద్దంతా బెంచీ మీద, సాయంత్రం ట్యూషన్ కుర్చీలో, రాత్రి ఫోను మీద వంగి ఉంటే తుంటి ముందు కండరం కుదించుకుపోక ఏమవుతుంది? దానికి తోడు పీటీ పీరియడును లెక్కల అయ్యవార్లు పట్టుకుపోవడం. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ పీరియడు కోసమే పోట్లాడాను.

మళ్లీ మెట్ల సంగతికొస్తే, షోలింగర్లో స్వామి ఉన్న పెద్దకొండకు 1305 మెట్లు. 2024లో రోప్‌వే వచ్చింది. మోకాళ్లరిగిన ముసలమ్మలకు, కాళ్లు లేనివాళ్లకు స్వామి దర్శనం దొరికింది, సంతోషం. ఆ తొట్టిలో పద్దెనిమిదేళ్లవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది. నేలకు దిగి లేవగలగడం ఎంత విలువైందో వినండి. బ్రెజిల్‌లో అరౌజో అనే డాక్టరు, 51 నుంచి 80 ఏళ్ల మధ్యవాళ్లను రెండు వేల మందికి పైగా నేల మీద కూచుని లేవమన్నాడు. చెయ్యో మోకాలో ఆనించిన ప్రతిసారీ పదిలో ఒక మార్కు కోత. తక్కువ మార్కులొచ్చినవాళ్లలో తర్వాతి ఏళ్లలో చావులు ఎక్కువని 2012లో రాశాడు. ఈ పరీక్షను మా మనవడికీ వాడి స్నేహితులకూ పెట్టాను. ఈ వయసులోనే చెయ్యి ఆనించినవాళ్లున్నారు.

ఊళ్లో బడి పెద్దలను నేను అడుగుతున్నది ఒక్కటే. మైదానం పక్క గోడ మీద సెంటీమీటర్ల గీతలు గీయనివ్వండి, ఏడాదికి రెండుసార్లు ప్రతి పిల్లా పిల్లాడి రెండు చీలమండలూ కొలిచి ఒక నోటుబుక్కులో రాయండి. రంగు డబ్బా, బ్రష్షు నేనే తెస్తాను. పని మొదలుపెట్టడానికి అనుమతి కాగితం మాత్రం వాళ్లే ఇవ్వాలి, ఆడికృత్తిక సెలవులు అయిపోయేలోగా ఇస్తే ఈ ఏడు పోటీలకు పోయే జట్టును ముందే చూసుకోవచ్చు.