500లో 317

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ చౌరస్తా దాటి కీసర దారి పట్టుకుంటే నాగారం. అక్కడ మా అత్తగారిల్లు. పై అంతస్తులో ఒక గదికి ఎప్పుడూ తాళమే. బంగారం అనుకునేరు. మా బావమరిది రికార్డులవి. అన్నీ ఎలక్ట్రానిక్ సంగీతం ఎల్పీలు, అన్నీ లిమిటెడ్ ఎడిషన్లు, అన్నీ సీలు విప్పనివి.

ఈ జాతి మనిషిని పోల్చుకోవడం తేలిక. పాట బాగుందనడు, ప్రెస్సింగ్ బాగుందంటాడు. ఏం వింటున్నావురా అంటే రాగం, తాళం చెప్పడు, బరువు చెబుతాడు.

"180 గ్రాములు బావా! మామూలుది 140 ఉంటుంది."

"ధరో?"

"మామూలుది 2,500. ఇది 6,000."

అంటే నలభై గ్రాములకు 3,500. అంత రేటు వేటమాంసానికి కూడా లేదు. పోనీ, బరువు పెరిగితే పాట ఏమైనా బాగుపడుతుందా? పళ్లెం కాస్త గట్టిగా ఉంటుంది, అంతే. వినపడేది మాస్టరింగ్ చేసినవాడి చెవిని బట్టి, గాడి కోసినవాడి పనితనాన్ని బట్టి. రంగు రికార్డయితే చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. బొమ్మ అచ్చేసిన పిక్చర్ డిస్క్ అయితే మామూలుదానికంటే గరగర ఎక్కువ. డబ్బు ఎక్కువ పెట్టి గరగర కొనుక్కోవడం ఈ జాతికే చెల్లింది.

అసలు తమాషా ఇంకోటుంది. ఈ సంగీతం చాలావరకు కంప్యూటర్లోనే పుడుతుంది. ఫోన్లో నెల చందాకు దొరుకుతుంది. దాన్నే ప్లాస్టిక్ మీద గీయించి, సముద్రం దాటించి, కస్టమ్స్ సుంకం కట్టి, ఇంటికొచ్చాక వినకుండా బీరువాలో పెడతాడు మావాడు. వినాలనిపిస్తే ఫోన్లో వింటాడు.

అట్ట వెనక చేత్తో రాసిన అంకె ఒకటి ఉంటుంది: 500లో 317. కొత్తది వచ్చిన రోజు మా అత్తయ్యకు గర్వంగా చూపించాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూసింది.

"అంటే నీకన్నా ముందు 316 మంది కొన్నరా? నువ్వు ఏ పని జేసినా లేటేరా."

ఈ లిమిటెడ్ పిచ్చి ఏమిట్రా అని అడిగితే మావాడు పురాణం మొదలుపెడతాడు. 1983లో ఫ్రాన్సులో జాన్ మిషెల్ జార్ అనే ఎలక్ట్రానిక్ సంగీతకారుడు 'మ్యూజిక్ ఫర్ సూపర్‌మార్కెట్స్' అనే ఆల్బం ఒకే ఒక్క కాపీ వేయించి, దాన్ని వేలం వేసి, అచ్చులు ధ్వంసం చేయించాడట. "అదీ లిమిటెడ్ అంటే!" అంటాడు కళ్లు మూసుకుని. మరి జనం ఎలా విన్నారురా అంటే గొంతు తగ్గించి, "రేడియోలో ఒకసారి మొత్తం వేయించాడు. దొంగతనంగా రికార్డు చేసుకోండని తనే చెప్పాడు" అంటాడు. ఒక్క కాపీ వేసినవాడికి కూడా పాట నలుగురి చెవిన పడాలనే ఉందన్నమాట.

నాకు తెలిసిన కథ వేరు. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో మూడు రోలాండ్ యంత్రాలు ముందేసుకుని, పది రాగాలను డిస్కో దరువుకు కట్టాడు. ఎచ్ఎంవీ ఎల్పీ వేసింది. కొన్నవాళ్లు తక్కువే. 2010లో హాలండ్ కంపెనీ ఒకటి మళ్లీ వేశాక, ఆసిడ్ హౌస్ సంగీతం పుట్టించిన చికాగో కుర్రాళ్లకంటే ముందే ఈయన ఆ శబ్దం పట్టుకున్నాడని లోకం నోరు వెళ్లబెట్టింది. ఆ పాత కాపీల మీద ఏ అంకే లేదు. పట్టించుకున్నవాళ్లు లేక అవి అరుదయ్యాయి. అరుదు చేయడం కాలం పని. కంపెనీ అచ్చేసేది అంకెను మాత్రమే.

మొన్న పండక్కి వెళ్లినప్పుడు ప్రళయం వచ్చింది. మావాడు గదికి తాళం వేయడం మరిచిపోయి ఆఫీసుకెళ్లాడు. మా మామయ్య ఈసీఐఎల్ కంపెనీలో చేసి రిటైరైన మనిషి, అక్కడ ఈసీ టీవీలు తయారైన కాలం వాడు. ఘంటసాల భగవద్గీత కోసం వెతుకుతూ పైకెళ్లి, చేతికందిన 317 సీలును తాళంచెవితో సర్రున చించి, ప్లేయర్ మీద పెట్టేశాడు. సాయంత్రం మావాడు గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

మామయ్య తల ఊపుతున్నాడు. "బాగుందిరా! టీవీ టెస్టింగ్‌ల సిగ్నల్ జనరేటర్ పెడితే అచ్చం గిట్లనే కూసేది. ఇంకోవైపు తిప్పు."

చించిన ప్లాస్టిక్‌ను మావాడు కాసేపు చేత్తో నిమిరాడు. తర్వాత కింద కూర్చున్నాడు. రెండో వైపు మొదలైంది. పావుగంటయ్యాక, "బావా, ఇందులో వెనకాల ఒక బేస్ ఉంది... ఫోన్లో ఎప్పుడూ వినలేదు" అన్నాడు. ఆ రోజుకు అతని 6,000 గిట్టుబాటయ్యాయి.

కాబట్టి నా తీర్పు ఇది. ఆ సంగీతం మీద నిజంగా మనసుంటే, అదనపు ధర పెట్టడం తప్పు కాదు. కొనండి. తెచ్చిన రోజే సీలు చించండి. చేతులు రాకపోతే మా మామయ్యను పంపిస్తాను. తాళంచెవి ఆయనే తెచ్చుకుంటాడు.