కెమెరా దిగిన ఫ్లాష్

కెమెరా నెత్తిన కూర్చున్న ఫ్లాష్ మనిషి ముఖాన్ని అప్పడంలా చదును చేస్తుందనీ, దానిని దింపి ఒక పక్కన నిలబెడితే ముక్కూ చెంపా ఎవరివి వారికి తిరిగి వస్తాయనీ ఫోటోగ్రఫీ గ్రంథాలు ఏకకంఠంతో చెబుతాయి. దింపుడు కూలి ఎంతవుతుందో మాత్రం చెప్పవు.

విడిపోయిన ఫ్లాష్‌కు ఎప్పుడు వెలగాలో తెలియదు గనుక, ఆ కబురును రేడియో తరంగాలతో చేరవేసే ట్రిగ్గర్ అనే చిన్న పెట్టె కావాలి. దీనిని కెమెరా పైనుండే హాట్ షూ అనే లోహపు గాడిలోకి తోస్తారు. గాడి వెడల్పు, దాని నడిమి బిందువు దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే అయినా, ఆ చుట్టూ ఉండే పిన్నులను మాత్రం ఒక్కో కంపెనీ ఒక్కో తీరున పేర్చుకుంది. అందుచేత నికాన్‌కు కొన్న ట్రిగ్గర్ కానన్ మీద బుద్ధిగా కూర్చుంటుంది, నడిమి బిందువు పుణ్యాన వెలగమని చెబితే చెబుతుంది, కాని కెమెరా కొలిచిన వెలుతురును బట్టి ఫ్లాష్ బలాన్ని నిర్ణయించే టీటీఎల్ పద్ధతి అక్కడ సాగదు. కెమెరా కంపెనీ మార్చినవారు టీటీఎల్ కావాలంటే ట్రిగ్గర్‌ను కూడా మార్చుకోవలసిందే.

తరువాత స్టాండు, స్టాండుకు బ్రాకెట్టు, బ్రాకెట్టుకు గొడుగు. దీపం ఎంత పెద్దదైతే నీడ అంత మెత్తబడుతుంది గనుక, అరచేతిలో పట్టే ఫ్లాష్ వెలుతురును తెల్ల గొడుగు గుండా పంపి పెద్దది చేస్తారు. ఈ గొడుగు దగ్గర కొంత ఆగవలసి ఉంది. కొన్ని తెలుగు కుటుంబాల పెళ్లిళ్లలో జరిగే కాశీయాత్రలో వరుడు గొడుగు, చేతికర్ర పట్టుకొని సన్న్యాసానికి బయలుదేరినట్టు నటించడం, వధువు సోదరుడు అడ్డుపడి బతిమాలి వెనక్కి తేవడం ఆచారం. ఆ ఘట్టాన్ని తీయబోయే ఫోటోగ్రాఫర్ కూడా గొడుగుతోనే ఎదురవుతాడు గనుక, అక్కడ గొడుగులు రెండవుతాయి: వరుడిది ఎండను ఆపేది, ఫోటోగ్రాఫర్‌ది వెలుతురును వదిలేది. వెళ్లిపోతున్న వరుడిని ఆపడానికి బావమరిది ఉన్నాడు; గాలికి ఫ్లాష్‌తో, స్టాండుతో సహా కాశీకి బయలుదేరిన రెండో గొడుగును బతిమాలేవారు ఎవరూ లేరు. గాలి లేని రోజైతే ఆ లోటు తీర్చడానికి మండపంలో పెడస్టల్ ఫ్యాను ఉంటుంది. దీనికి విరుగుడుగా స్టాండు కాలికి తగిలించే ఇసుక సంచులు అమ్ముతారు, అయితే చాలావరకు ఖాళీగా అమ్ముతారు. ఇసుక వేరుగా సంపాదించుకోవాలి, అది ఎంత సులభమో ఇసుక కొరత రోజులు చూసిన ఆంధ్రప్రదేశ్ పాఠకులకు వివరించనక్కరలేదు.

మిగిలినవి భౌతికశాస్త్రం పెట్టే బాధలు. షటర్ తెరలు రెండూ పూర్తిగా తొలగి ఉండే అతి తక్కువ వ్యవధిని సింక్ వేగం అంటారు; చాలా కెమెరాలలో అది సెకనులో 200వ వంతో, 250వ వంతో ఉంటుంది, అది దాటితే ఫోటోలో ఒక అంచున నల్లని పట్టీ పడుతుంది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. పూర్తి బలంతో ఒకసారి వెలిగిన ఫ్లాష్, పాతబడిన బ్యాటరీలతో మళ్లీ సిద్ధమయ్యేందుకు కొన్ని సెకన్లు తీసుకుంటుంది, తలంబ్రాలు ఆగవు.

పెళ్లిళ్లదాకా వెళ్లని అభ్యాసకుడికి ఇంట్లోని పెద్దవారే దిక్కు. కుర్చీలో కూర్చోబెట్టి, బలం తగ్గించి, పెంచి, గొడుగు వాలు సరిచేసి, తీరా వెనకనున్న బల్బు పసుపుగా పడుతోందని గ్రహించి, ఫ్లాష్‌కు కూడా ఆ రంగు తెచ్చే నారింజ జెల్ కాగితం వెతుకుతుండగానే వారు కాళ్లు పీకుతున్నాయని లేచి వెళ్లిపోతారు. రేపు తీయవచ్చునని అభ్యాసకుడు అన్నీ మడిచి సంచిలో పెడతాడు. కొన్నేళ్లకు గోడకు పటం కట్టించవలసిన రోజు వచ్చినప్పుడు, ఎవరి పెళ్లిలోనో ఎవరో ఫోనుతో తీసిన గుంపు ఫోటోలోంచి ఆ ముఖాన్ని కత్తిరించి ఇవ్వడం చాలా ఇళ్లలో జరిగేదే. వెనక నీలిరంగు తెర స్టూడియోవారు ఉచితంగానే వేస్తారు.