రెండో తరగతి బి సెక్షన్ సందేశం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మన మెదక్ సీమలోని కొల్చారం వాడు. మూలంలో లేనిది ఒక్క ముక్కా రాయనని నియమం పెట్టుకున్న పండితుడు. ఆయనకు కాళిదాసు, భారవి, మాఘుడు దొరికారు. మనకు క్లాస్ టీచరు గారు దొరికారు. కష్టం ఎవరిదెక్కువ అంటే మనదే. కాళిదాసు రాత్రి తొమ్మిదింటికి పద్యం పంపి, పొద్దున ఎనిమిదింటికల్లా అర్థం చేసుకుని రమ్మనలేదు.

హైదరాబాదులో ఒకానొక ప్రైవేటు బడి తల్లిదండ్రులకు పంపే రోజువారీ సందేశం ఇక్కడ మూలం. బడి పేరు అప్రస్తుతం. ఏ వీధి బడికైనా ఈ పాఠం సరిపోతుంది.

మూలం

డియర్ పేరెంట్స్, గుడ్ ఈవినింగ్. తెలుగు: క, గ గుణింతాలు టూ టైమ్స్. ఇంగ్లిష్: లెసన్ 4 క్వశ్చన్ ఆన్సర్స్ లెర్న్. మ్యాథ్స్: వర్క్‌బుక్ పేజ్ 37, 38 కంప్లీట్. ఈవీఎస్: టుమారో కమ్యూనిటీ హెల్పర్స్ యాక్టివిటీ, కైండ్లీ సెండ్ చార్ట్ అండ్ ఫ్యాన్సీ డ్రెస్. డైరీలో సైన్ చేసి పంపగలరు. ఆల్రెడీ చేసినవారు ఇగ్నోర్ చేయగలరు.

ప్రతిపదార్థం

డియర్ పేరెంట్స్ = టర్మ్ ఫీజు కట్టినట్టియు, కట్టబోవునట్టియు తల్లిదండ్రులారా; గుడ్ ఈవినింగ్ = రాత్రి తొమ్మిదీ పదిహేనుకు చెప్పదగిన శుభవాక్యము; క, గ గుణింతాలు = క మొదలు కః వరకు, గ మొదలు గః వరకు గల అక్షర పంక్తులు; టూ టైమ్స్ = రెండేసి మార్లు (వేళ్లు నొప్పి పుట్టినను అని శేషము); లెర్న్ = అర్థముతో నిమిత్తము లేక కంఠస్థము చేయుట; కంప్లీట్ = ఖాళీ గడి కనబడకుండ నింపుట; టుమారో = మరి పదకొండు గంటలలో; కైండ్లీ = తప్పనిసరిగా; చార్ట్ = దుకాణము మూసిన పిమ్మట అవసరపడు కాగితము; కమ్యూనిటీ హెల్పర్స్ = పోలీసు, పోస్ట్‌మ్యాన్, డాక్టరు మొదలగువారు (ఇంట తెల్లచొక్కా ఉన్నచో డాక్టరు, ఖాకీ ఉన్నచో పోలీసు అని నిర్ణయము); పంపగలరు = పంపు శక్తి మీకు కలదని పైకి, పంపక తప్పదని లోపల; ఇగ్నోర్ చేయగలరు = ఇప్పటికే చేసి ఉండుట అసంభవమని ఎరిగియు పలికిన మర్యాద.

పాఠాంతరాలు

ఈ మూలానికి మూడు ప్రతులున్నాయి. వాట్సాప్ ప్రతిలో 37, 38 అని ఉంది. ఏడేళ్ల లేఖకుడు బోర్డు చూసి డైరీలో ఎక్కించుకున్న ప్రతిలో 73, 83 అని ఉంది. మమ్మీస్ గ్రూపు ప్రతిలో 37 ఒక్కటే ఉంది. 38 క్లాసులోనే చేయించేశారని ఆ సంప్రదాయం వారి వాదం. వర్క్‌బుక్కు 72 పేజీలతో ముగుస్తుంది గనుక డైరీ పాఠం నిలవదు. ఆ వయసు పిల్లలు అంకెలను తిరగేసి రాయడం సహజం కాబట్టి లేఖకుణ్ణి తప్పుపట్టనవసరం లేదు. మిగతా రెండింటిలో ఏది సాధువో తేలకుండానే రాత్రి పదిన్నర అవుతుంది. తేలేలోపు లేఖకుడు నిద్రపోతాడు.

అన్వయం

‘కంప్లీట్’, ‘లెర్న్’ అన్న క్రియలకు మూలంలో కర్త లేడు. వెతికి తెచ్చుకోవాలి. విద్యార్థియే కర్త అని ఒక మతం. తల్లి కర్త, విద్యార్థి నిమిత్తమాత్రుడు అని అనుభవజ్ఞుల మతం. చార్టు మీద అక్షరాల వాటం చూస్తే రెండో మతమే బలంగా ఉంది. కర్మలు మాత్రం స్పష్టం: గుణింతాలు, ఆన్సర్లు, పేజీలు, చార్టు, డ్రెస్సు, సంతకం. ఆరు కర్మలున్న వాక్య సముదాయంలో పిల్లవాడి ప్రస్తావన ఒక్కసారీ రాలేదు. మల్లినాథుడి నియమం పాటిస్తే ఇక్కడ వాడి గురించి నేనూ ఏమీ రాయకూడదు. ఆ ఒక్క చోట నియమభంగం చేస్తున్నాను.

శంకా సమాధానాలు

శంక: రెండో తరగతి వరకు హోంవర్క్ వద్దని కేంద్ర ప్రభుత్వ స్కూల్ బ్యాగ్ విధానం 2020లోనే చెప్పింది కదా? సీబీఎస్ఈ బడుల్లో ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ ఇవ్వరాదని 2018లో మద్రాసు హైకోర్టూ అన్నది కదా? మరి ఈ మూలం ఎలా పుట్టింది?

సమాధానం: మూలంలో హోంవర్క్ అన్న మాట ఎక్కడుంది? ఒకటి ప్రాక్టీసు, ఒకటి రివిజను, మూడోది యాక్టివిటీ. పేరు మారితే దోషం పోతుందని బడి మీమాంసకుల సిద్ధాంతం.

శంక: ఆ విధానం హోంవర్క్ బదులు ఏం చేయమన్నది?

సమాధానం: ఆ వయసు పిల్లలు ఎక్కువసేపు కదలకుండా కూర్చోలేరు గనుక, సాయంత్రం ఇంట్లో ఏం చేశారో, ఏ ఆటలాడారో, ఏం తిన్నారో మర్నాడు క్లాసులో వాళ్ల చేత చెప్పించమన్నది. ఈ మూలాన్ని అనుసరించిన పిల్లవాడు మర్నాడు చెప్పగలిగింది ఒకటే: గుణింతాలు రాశాను, ఏడ్చాను, అన్నం తిన్నాను.

శంక: టీచరు గారికి ఇంత పట్టుదల ఎందుకు?

సమాధానం: పట్టుదల ఆవిడది కాదు. వరసగా రెండు రోజులు ఏమీ ఇవ్వకపోతే ‘ఇంత ఫీజు దేనికి కడుతున్నాం?’ అని ప్రిన్సిపాల్‌కు ఫోను చేసేది మనమే. పక్కింటి పిల్లకు నాలుగు పేజీలిచ్చారని వాదించేదీ మనమే. నేర్చుకున్నది కంటికి కనిపించదు, నిండిన పేజీ కనిపిస్తుంది. కనిపించేదే అడిగాం, వాళ్లు అదే పంపారు. కాబట్టి ఈ మూలం ఉభయకర్తృకం: సగం టీచరు రచన, సగం మన రచన. ఆ తొమ్మిదీ పదిహేనుకు ఆవిడ ఇంట్లోనూ ఒక చార్టు మిగిలే ఉంటుంది.

అధికారి నిర్ణయం

ఏ శాస్త్రం మొదలుపెట్టినా చదవడానికి అర్హుడెవరో ముందు చెప్పాలి. ఈ మూలానికి అధికారి: ఇంగ్లిషు వచ్చినవారు, రాత్రి తొమ్మిదికి తీరిక ఉన్నవారు, డేటా అయిపోనివారు. తెలుగు మీడియంలో పదో తరగతితో ఆపిన తల్లి, క్యాబ్ నడిపే తండ్రి, రాత్రి డ్యూటీ వాచ్‌మన్ అనధికారులు. పిల్లలు బడి మెట్లెక్కిన మొదటి తరం ఇళ్లలో ఈ సందేశానికి అసలు వ్యాఖ్యాత వీధి చివరి ట్యూషన్ అక్క. తల్లి ఫోను పట్టుకెళ్లి చూపిస్తుంది, అక్క తెలుగులో చెప్తుంది. బడి చెప్పవలసింది చెప్పినందుకు నెలనెలా ఆ అక్కకు వేరే ఫీజు.

వ్యంగ్యార్థం

‘డైరీలో సైన్ చేసి పంపగలరు’ అన్నదానికి వాచ్యార్థం సంతకం. వ్యంగ్యార్థం వేరు: రేపు మార్కులు తగ్గితే మాకు చెప్పలేదని మీరు అనడానికి వీల్లేదు. అందుకే సంతకం తప్ప మరేమీ అడగరు. సంతకం పక్కన ‘ఎనిమిదో ఎక్కం దగ్గర తడబడుతున్నాడు, ఎలా చెప్పమంటారు?’ అని తల్లి రాస్తే జవాబు రాసే స్థలం డైరీలో అచ్చువేయలేదు.

ప్రమాణం

2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షను ఉపాధ్యాయుల విధులు చెబుతూ, తల్లిదండ్రులతో తరచు సమావేశమై నాలుగు సంగతులు తెలియజేయాలన్నది: పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, నేర్చుకోవడంలో ప్రగతి, తక్కిన అవసరమైన సమాచారం. ఈ నాలుగింటిలో చార్టు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటా ఒకే రోజున తల్లిదండ్రులను పిలిచి సమావేశాలు జరిపారు. మంచిదే. అయితే ఏడాదికి ఒకటి రెండు సభలు తీర్చేది కాదు ఈ విధి. ప్రతి రాత్రీ చేతికి ఫోను వస్తున్నప్పుడు, అందులో పేజీ నంబరు పట్టినచోట పిల్లవాడూ పడతాడు.

తాత్పర్యం

ఓ తల్లిదండ్రులారా! మీ బిడ్డ ఈ దినమున ఏమి నేర్చెనో, ఎచట ఆగెనో, ఎందుకు నవ్వెనో మాకును చెప్పుటకు తీరిక లేదు, మీకును అడుగుటకు అలవాటు లేదు. కావున ఉభయులమును పేజీలతో తృప్తి పడుదము. రేపు ఉదయము బిడ్డను డాక్టరు వేషముతో బస్సెక్కింపుడు.

ఉత్తర పాఠం

మూలాన్ని సవరించే అధికారం వ్యాఖ్యాతకు లేదు. అయినా క్లాస్ టీచర్ల పరిశీలనార్థం ఒక పాఠాన్ని ప్రతిపాదిస్తున్నాను. అది సాయంత్రం ఐదింటికి రావాలి. చదవలేని ఇళ్లకు అదే మాట వాయిస్‌లో పంపాలి.

“ఇవాళ కొ, కో, గొ, గోల మధ్య తేడా వినిపించి చెప్పుకున్నాం. మీవాడు చదవడంలో బాగానే ఉన్నాడు. రాసేటప్పుడు దీర్ఘం వదిలేస్తున్నాడు. ఇంట్లో మీరు కొడవలి, కోడి, గొడుగు, గోడ అని పలకండి. ఏది పొట్టో, ఏది పొడుగో వాణ్ణి చెప్పమనండి. ఐదు నిమిషాలు చాలు, రాయించక్కర్లేదు. కూడికల్లో చేతికొచ్చిన పదిని మరిచిపోతున్నాడు. కూరల కొట్లో చిల్లర వాడితో లెక్కపెట్టించండి. వాడికి ఏదైనా కష్టంగా ఉంటే నాకు రాయండి.”

ఈ పాఠానికీ టీక రాద్దామని కూర్చున్నాను. ప్రతి పదానికీ ఆ పదమే అర్థమైంది, శంకలు పుట్టలేదు, వ్యంగ్యం చిక్కలేదు. ఇలాంటివి నాలుగు వస్తే వ్యాఖ్యాతలకు పని పోతుంది. ట్యూషన్ అక్కకు మాత్రం ముందే చెప్పి ఉంచడం మర్యాద.