బిల్లు తర్వాతి అలక

కొనేముందు బేరమాడేవాళ్ళ మీద మన హాస్యరచయితలు కావలసినంత సిరా ఖర్చుపెట్టారు. కొనేశాక బేరమాడే పెద్దమనిషికే ఇంకా తగిన పీట పడలేదు. ఫ్రిజ్ ఇంటికొచ్చి, దాని అట్టపెట్టె అటకెక్కి, థర్మోకోల్ ముక్కలతో మనవడు కోట కట్టేశాక కూడా ఈయన ఆ ఫ్రిజ్ రేటు రోజూ చూస్తూనే ఉంటాడు. పేపర్లో ఫుల్ పేజీ ప్రకటన పడితే మనం కొనబోయే వస్తువులు వెతుక్కుంటాం. ఈయన కొనేసినవి వెతుక్కుంటాడు. అచ్చంగా తన మోడలే, రెండు వేలు తక్కువకు, అక్కడ కనబడుతుంది. మోసపోయానన్న బాధా, పట్టేశానన్న సంబరమూ ఒకేసారి మొహంలోకి వస్తాయి. ప్రకటన కత్తిరించి, బిల్లుకు పిన్ను కొట్టి, షాపుకు బయల్దేరతాడు. "అది అప్పటి రేటు సార్" అంటాడు కౌంటర్ దగ్గర కుర్రాడు. "అప్పటికీ ఇప్పటికీ ఫ్రిజ్‌లో ఏం మారింది బాబూ?" అంటాడు ఈయన. వస్తువుకూ వెలకూ ఉన్న సంబంధమేమిటని మహా మహా అర్థశాస్త్రవేత్తలే తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్న ఇది. సేల్స్ ట్రైనింగ్‌లో దీనికి జవాబు నేర్పరు.

చూసేవాళ్ళు దీన్ని పిసినారితనం అంటారు. నేను ఒప్పుకోను. పిసినారికి లెక్కలు వచ్చు. ఈయన లెక్కలో రానూపోనూ ఆటో కిరాయి ఉండదు, మేనేజర్ భోజనానికి వెళ్ళాడంటే మర్నాడు మళ్ళీ వచ్చిన ఖర్చు ఉండదు, ఎండలో పోయిన పూట ఉండదు. పైగా అసలు సిసలు పిసినారి జ్యేష్ఠంలో చీర కొనడు. ముహూర్తాల్లేని ఆషాఢంలో బట్టల షాపులు తగ్గింపు బోర్డులు కట్టేదాకా ఓపిగ్గా కూర్చుంటాడు. మన పెద్దమనిషి అవసరమొచ్చినప్పుడు, చెయ్యి వెనక్కి తీయకుండానే, కొన్నవాడు. తన వెనక వచ్చినవాడికి తనకంటే ఎక్కువ మర్యాద జరిగిందే, అదీ ఆయన్ని కుట్టే సంగతి. పెళ్ళి పంక్తిలో పక్క విస్తట్లో రెండో గారె పడి తన విస్తట్లో పడకపోతే వియ్యంకుడు లేచిపోతాడు చూడండి, సరిగ్గా అలాంటిదే. అక్కడ గారెకు ఖరీదు కట్టడం ఎంత తప్పో, ఇక్కడ రెండు వేలను లెక్కపెట్టడం అంతే తప్పు. దీన్ని అలకల పద్దులో రాయాలి గాని, బేరాల పద్దులో రాయకూడదు.

ఈ అలక మనవాళ్ళకే ఉందనుకుంటే పొరపాటు. 2007 జూన్ 29న అమెరికాలో మొదటి ఐఫోన్ అమ్మకానికొచ్చింది. 8 జీబీ ఫోను 599 డాలర్లు. జనం క్యూలో నిలబడి మరీ కొన్నారు. సెప్టెంబరు 5న యాపిల్ దాన్ని 399కి దించింది. రెండు నెలలుగా నలుగురికీ చూపించి మురిసిపోయిన ఫోను చేతిలోనే ఉంది, బాగానే పనిచేస్తోంది. అయినా కొన్నవాళ్ళు భగ్గుమన్నారు. మర్నాడే స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాశాడు. ముందుగా కొన్నవాళ్ళు తమను నమ్మారని, ఆ నమ్మకం నిలబెట్టుకోవాలని ఒప్పుకుని, 100 డాలర్ల క్రెడిట్ ప్రకటించాడు. పోయినదాంట్లో అది సగం. అదీ యాపిల్ దగ్గరే ఖర్చుపెట్టాలి. గొడవంతా డబ్బు కోసమే అయితే మిగతా వంద కోసం ఇంకా ముదరాలి కదా? లేఖ రాసేసరికి చాలావరకు చల్లారింది.

ఇక అభ్యంతరాలు. చట్టం ఈయన పక్షాన లేదు, నిజమే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువులో లోపం, సేవలో లోపం, అనుచిత వ్యాపారం లాంటివాటికి పరిహారం ఇప్పిస్తుంది; నిన్న నిజాయితీగా అమ్మిన వస్తువు ఇవాళ చవక కావడం అందులో దేనికిందికీ రాదు. ఎమ్మార్పీ కూడా ఇంతకు మించి అమ్మకూడదనే అంటుంది, ఎంతకు దిగవచ్చో చెప్పదు. 2025 సెప్టెంబరు 22న ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగినప్పుడైతే న్యాయం పూర్తిగా షాపువాడి వైపే ఉంది. పన్నుకు ముందు 30,000 ఉన్న ఏసీ 38,400 నుంచి 35,400 అయింది. ఆ మూడు వేలు గల్లాపెట్టెలో లేవు, సర్కారుకు పోయాయి. ఈ సంగతి మన పెద్దమనిషికి తెలుసు. అయినా వెళ్తాడు. రాదని తెలిసి అడిగేవాణ్ణి ఆశపోతు అని ఎలా అనగలం?

అన్నిటికంటే గట్టి ప్రశ్న ఒకటుంది: రేటు పెరిగితే తేడా తెచ్చి కడతాడా? 2024 జులై 23న బడ్జెట్లో బంగారం దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గించగానే తులం ధర వేలల్లో పడింది. ముందురోజు నగ కొన్న ఇళ్ళలో ఆ పూట వంట సరిగ్గా కుదిరి ఉండదు. మరుసటి ఏడాది పది గ్రాముల మేలిమి బంగారం లక్ష దాటింది. అప్పుడు మాత్రం తేడా కట్టడానికి నగల షాపు ముందు ఎవరూ బారులు తీరలేదు. ఇది ఒకవైపు న్యాయమని ఒప్పుకోవాల్సిందే. కానీ ఆయనకు ఈ న్యాయం నేర్పిందెవరు? అడ్వాన్సు కట్టిన నాటి రేటు, నగ తీసుకునే నాటి రేటు, రెంటిలో ఏది తక్కువైతే అదే ఇస్తామని ఊరించింది నగల షాపులే. కంపెనీ రేటు దించితే, అమ్ముడుపోని సరుకు తాలూకు తేడాను డీలరుకు క్రెడిట్ నోటుగా ఇవ్వడం సెల్‌ఫోన్లు, టీవీల వ్యాపారంలో ఉన్న పద్ధతే. అంటే డీలరూ అలుగుతాడు, ఆయన అలక తీరుతుంది కూడా. అమెరికాలో కాస్ట్‌కో అయితే కొన్న 30 రోజుల్లోపు తన రేటు తగ్గిస్తే తేడా తిరిగిచ్చేస్తుంది; డాలస్ నుంచి అల్లుడు ఫోన్లో చెప్పిన ఈ ముక్క మన పెద్దమనిషి వాదనలో శిలాశాసనమంత బరువుగా దిగుతుంది.

పాతకాపులైన షాపు యజమానులకు ఇదంతా తెలుసు. వాళ్ళు పాలసీ మాట్లాడరు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, "మీలాంటి పాత కస్టమర్ చేత మాట పడితే మాకు మాత్రం బావుంటుందా అండీ" అని, ఈసారి కొన్నప్పుడు ఐదొందలు తగ్గిస్తామని చీటీ రాసిస్తారు. ఆ ఐదొందలు వృథా పోకూడదని ఈయన అక్కడికక్కడే నాలుగు వేల స్టెబిలైజర్ కొని, గెలిచిన మొహంతో ఆటో ఎక్కుతాడు. చిక్కల్లా ఆన్‌లైన్లో కొన్నప్పుడే. అక్కడ కుర్చీ లేదు, టీ లేదు. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న వాక్యం ఎన్నిసార్లు అడిగినా అదే వినయంతో వస్తుంది. పోనీ వాపసు ఇచ్చేసి కొత్త రేటుకు మళ్ళీ ఆర్డర్ పెడదామంటే, లోపం తేలితే తప్ప తీసుకోరు, ఆ గడువూ ఏడు రోజులే. వాషింగ్ మెషీన్ కాస్త ఎక్కువగా ఊగుతున్నట్టు ఆయనకు ఆరో రోజు సాయంత్రం నుంచి అనిపించడం మొదలవుతుంది.