నాన్న వీపు

25 కిలోల బియ్యం బస్తా. ఆటోలోంచి దించుతూ, ఇస్త్రీ చొక్కా మాస్తుందని దాన్ని ఒంటికి తగలనివ్వకుండా చేతులు చాచి పట్టుకున్నాను. నడుములో పుటుక్కుమంది. పిర్ర నుంచి పిక్క దాకా మంట పాకింది. అది పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. ఆ తర్వాత చేసినదే నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

ఎమ్మారై తీశారు. నడుములోని అయిదు పూసల్లో నాలుగో దానికీ అయిదో దానికీ మధ్య డిస్క్ ఉబ్బి నరాన్ని నొక్కుతోందన్నారు. డాక్టరుగారు కాళ్ల బలం చూశారు, మూత్రం మీద పట్టు ఉందా అని అడిగారు. భయం లేదు, చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, మెల్లగా నడవండి అన్నారు. నాకు ‘డిస్క్’ అన్న మాట తప్ప ఇంకేదీ చెవికెక్కలేదు. కదిలితే ఇంకా జారుతుందని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఆరు వారాలు మంచం మీదే. ఆ తర్వాత నాలుగు నెలలు బెల్టు లేకుండా గడప దాటలేదు.

నాన్న మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు హమాలీ. మంచం పక్కన కూర్చుని, “లేచి నాలుగడుగులు వెయ్యరా, పడుకుంటే నడుము ఇంకా పట్టేస్తది” అన్నాడు.

“నీకేం తెలుసు నాన్నా, ఇది డిస్కు” అన్నాను.

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నొప్పి తగ్గకపోయేసరికి మళ్లీ స్కాన్, ఆపైన ఫిజియోథెరపీ. ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టింది. నడుమును అడ్డంగా కోసినట్టున్న బొమ్మ. మధ్యలో పూస, వెనక ఇరుపక్కలా కండ. కుడివైపు నల్లగా ఉంది. నొప్పి ఉన్న ఎడమవైపు నలుపులో తెల్లటి చారలు. “అవి కొవ్వు సార్. ఇది మల్టిఫిడస్, పూసనూ పూసనూ పట్టి ఉంచే కండ. పని లేకపోతే ఇలా సన్నబడిపోతుంది” అంది.

వెన్నెముక నిట్రాడలాంటిదని, దాన్ని కదపకుండా ఉంచితే చాలని అనుకున్నవాణ్ణి నేను. 33 ఎముకల్లో కిందివి అతుక్కుపోగా, పైనున్న 24 విడివిడి పూసలే. కండలు తీసేస్తే తలా మొండెం బరువుకే అవి వంగిపోతాయట. డిస్క్ లోపలికి రక్తనాళాలు పోవు. దాని తిండి చుట్టుపక్కల నుంచి ఊరి రావాల్సిందే, కదలిక అందుకు సాయపడుతుంది. నేను ఆరు వారాలు కాపాడాననుకున్నది దాన్నే.

బస్తా లెక్క కూడా ఆమే చెప్పింది. బరువు వెన్నుకు అర మీటరు దూరంలో ఉంటే, దాన్ని వెనక నుంచి లాగిపట్టే కండ పూసకు అయిదారు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. 25 కిలోల బస్తాకు ఆ కండ మీద 200 కిలోల పైనే పడుతుంది. నాన్న బస్తాను ఎప్పుడూ మెడకీ వీపుకీ ఆనించుకునే మోసేవాడు. చిన్నప్పుడు వందసార్లు చూశాను.

ఆ సాయంత్రం ఆయన నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు, భుజాన తువ్వాలు. వెనక నుంచి వెళ్లి నడుముకు రెండు పక్కలా బొటనవేళ్లు ఆనించాను. డెబ్భై రెండేళ్ల మనిషి. వెన్ను ఒక లోతైన గాడి, దానికి అటూ ఇటూ గట్టిగా రెండు మోకుల్లా కండ.

“ఏందిరా, ఏం వెతుకుతున్నావు?” అన్నాడు.

చేతులు తియ్యలేదు. నోరు పెగల్లేదు.