మైక్రాన్ల మార్పిడి: సులభ విధానం

కొలత చిన్నదయ్యేకొద్దీ అంకె పెద్దదవుతుంది. ఈ విద్యలో నేర్చుకోవలసింది ఇదొక్కటే, మిగతావన్నీ సున్నాలు. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రోమీటరు, అందులో వెయ్యో వంతు నానోమీటరు, అందులోనూ వెయ్యో వంతు పికోమీటరు. కిందికి దిగేటప్పుడు మూడేసి సున్నాలు చేర్చండి, పైకెక్కేటప్పుడు తీసెయ్యండి. ఒకటి ఎక్కువ పడినా కంగారొద్దు. కంటికి ఆనని సరుకు కదా, ఎవరూ టేపు పట్టుకుని రారు.

ముందుగా మైక్రోమీటరు అనడం మానేసి మైక్రాన్ అనండి. తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ ఆ పేరును 1967-68లోనే రద్దు చేసింది. మన క్యారీ బ్యాగుల నిబంధనల్లో మాత్రం అది నిక్షేపంలా ఉంది. కనీస మందం 1999లో 20 మైక్రాన్లు, 2011లో 40, 2016లో 50, 2021లో 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు కూడా లేదు. కొట్టువాడు కవరును రెండు వేళ్ళ మధ్య నలిపి "నూటిరవై ఉంటుందండీ" అంటాడు. నమ్మండి. తనిఖీకి ఎవరైనా పరికరంతో వస్తే, కవరు విప్పకుండా రెండు పొరలూ కలిపి కొలవమనండి. సున్నాలతో పనిలేకుండానే 60 కాస్తా 120 అవుతుంది.

ఇక నీళ్ళ ఫిల్టరు. ఆర్.ఓ. పొరలో రంధ్రం 0.0001 మైక్రాన్ అని ప్రకటనల్లో చూసే ఉంటారు. దీన్ని మాత్రం మార్చే ప్రయత్నం చేయకండి. చేశారో, 0.1 నానోమీటరు వస్తుంది, అంటే 100 పికోమీటర్లు, పాత పుస్తకాల లెక్కలో ఒక ఆంగ్‌స్ట్రామ్. నీటి అణువు అడ్డకొలత సుమారు 0.28 నానోమీటరు. రంధ్రం కన్నా నీరే దాదాపు మూడింతలు లావు! ప్రకటన నిజమైతే కుళాయిలోంచి చుక్క రాకూడదు. వస్తోంది కాబట్టి మీ లెక్కే తప్పనుకుని గ్లాసు పట్టండి. (నిజానికి ఆ పొరలో జల్లెడకున్నట్టు ఒకే కొలత రంధ్రాలుండవు. పాలిమరు గొలుసుల అల్లికలో సందులు వెతుక్కుంటూ నీరు అవతలికి చేరుతుంది. ఈ ముక్క డబ్బా మీద అచ్చేస్తే ఎవరు కొంటారు?)

ఫోన్ చిప్పు మీది "3 నానోమీటర్లు" జోలికీ పోకండి. చిప్పులో ఏ భాగాన్ని కొలిచినా వచ్చిన అంకె కాదది, ఆ తరానికి పెట్టుకున్న పేరు.

గొప్పలకు చిన్న కొలత, తప్పులకు పెద్ద కొలత వాడాలి. హబుల్ టెలిస్కోపునే తీసుకోండి. దాని 2.4 మీటర్ల అద్దం అంచు ఉండవలసినదానికన్నా 2.2 మైక్రాన్లు చదునైంది. అద్దాన్ని పరీక్షించే సాధనంలో ఒక కటకం ఉండవలసిన చోటు నుంచి 1.3 మిల్లీమీటర్లు జరగడమే కారణం. 1990లో పైకి పంపాక బొమ్మలు మసకబారి వచ్చాయి. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి సరిదిద్దవలసి వచ్చింది. మీ చేతిలో ఇలాంటిది జరిగితే నివేదికలో 0.0000022 మీటర్లని రాయండి. పొరపాటున కూడా 2,200 నానోమీటర్లని రాయకండి.