ఉక్కును పైకి పీల్చే పాత్ర: ఒక ఆత్మకథ

జంషెడ్‌పూర్ టాటా ఉక్కు కర్మాగారంలోని ఎల్‌డి-2 విభాగంలో, లోపల ఇటుకలు పేర్చిన నిలువెత్తు శూన్యపాత్ర ఒకటి తన చరిత్రను చెప్పుకొంటున్నది. నడిపేవారూ మరమ్మతు చేసేవారూ ఎప్పుడూ "అది" అనే వ్యవహరించినందువల్ల, తన్ను గురించి తానూ అలాగే చెప్పుకోవడం దానికి అలవాటైంది. కరిగిన ఉక్కులోని వాయువులను శూన్యంతో తొలగించే ఈ పద్ధతిని 1950ల దశకంలో జర్మనీకి చెందిన రూర్‌ష్టాల్, హెరాయస్ సంస్థలు రూపొందించాయి కనుక, ఆ పేర్ల తొలి అక్షరాలతో దీనిని ఆర్‌హెచ్ అంటారు.

పాత్ర అడుగున రెండు గొట్టపు కాళ్ళున్నాయి. లాడిల్ అనే పెద్ద గిన్నెలో సుమారు 1600 డిగ్రీల సెల్సియస్ వేడితో ఉన్న ద్రవపు ఉక్కులో వాటిని ముంచి, లోపలి గాలిని ఆవిరి ఎజెక్టర్లతో, అంటే సన్నని మూతి నుంచి దూసుకువచ్చే నీటి ఆవిరి వాయువులను తన వెంట ఈడ్చుకుపోయే పంపులతో, తోడివేసినప్పుడు, బయటి గాలి బరువే ఉక్కును దాదాపు 1.4 మీటర్ల ఎత్తుకు నెడుతుంది. ఒక కాలిలోకి ఆర్గాన్ ఊదితే ఉక్కు అటు ఎక్కి, పాత్రలో వాయువులను విడిచి, రెండవ కాలి గుండా దిగిపోతుంది. తొలగించవలసిన వాటిలో ముఖ్యమైనది హైడ్రోజన్. ఉక్కులో కరిగి ఉండే హైడ్రోజన్ దాని పీడనపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కనుక, పీడనాన్ని వెయ్యో వంతుకు దించినా హైడ్రోజన్ తగ్గేది ముప్పైయో వంతుకే. ఆ మిగిలినది పది లక్షల పాళ్ళలో రెండు పాళ్ళు దాటితే, చల్లారిన మందపాటి ఉక్కులో వెంట్రుకవాసి పగుళ్ళు పుట్టవచ్చు.

ఈ పాత్రకు దూరపు బంధువు ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఉన్నది. అక్కడ భారీ అయాన్లకు వేగమిచ్చే, లోపల శూన్యం ఉండే నియోబియం గదులను ద్రవ హీలియంతో 4.2 కెల్విన్ వరకు, అంటే మైనస్ 269 డిగ్రీల దాకా, చల్లబరుస్తారు, ఎందుకంటే 9.2 కెల్విన్ దిగువన ఆ లోహం అతివాహకమవుతుంది, అంటే విద్యుత్తుకు నిరోధం చూపడం మానేస్తుంది. జంషెడ్‌పూర్ పాత్రలోని ఒక మిల్లీబార్ శూన్యం అటువంటి యంత్రాలను నడిపేవారి లెక్కలో శూన్యమే కాదు, ఎందుకంటే వారు దానికి కోట్ల వంతులు తక్కువ పీడనాన్ని కోరుతారు. అంత చలిలో గోడలే పంపులై, హీలియం, కొంతమేరకు హైడ్రోజన్ తప్ప తక్కిన వాయువులను గడ్డకట్టించి పట్టుకొంటాయి. గది మళ్ళీ వేడెక్కినప్పుడు అవన్నీ ఒక్కుమ్మడిగా వెలువడతాయి కాబట్టి పంపులను ముందే సిద్ధం చేసుకోవాలి. గాలిని వేగంగా లాగితే లేచిన ధూళి కణం గోడకు అంటి, బలమైన విద్యుత్ క్షేత్రంలో ఎలక్ట్రాన్లను చిమ్ముతుంది. పొగనూ ధూళినీ నిత్యం మింగే ఈ పాత్రకు ఆ సున్నితత్వం కాస్త అతిగానే తోస్తుంది.

హైడ్రోజన్ విషయంలో మాత్రం రెండింటి కష్టమూ ఒకటే. నియోబియంలో చేరిన హైడ్రోజన్, మైనస్ 120, మైనస్ 200 డిగ్రీల మధ్య నెమ్మదిగా చల్లబడితే హైడ్రైడ్‌గా పేరుకొని అతివాహక గుణాన్ని చెడగొడుతుంది; అందుకే ఆ గదులను శూన్యపు కొలిమిలో 600 నుంచి 800 డిగ్రీల వద్ద గంటల తరబడి కాల్చి దానిని వెళ్ళగొడతారు. వెళ్ళినది తిరిగి రాకుండా చూడడం ఇంకా కష్టం: నియోబియం ఆమ్లపు శుద్ధిలోనే దానిని మళ్ళీ పీల్చుకొంటుంది కనుక ఆమ్లాన్ని చల్లగా ఉంచుతారు, జంషెడ్‌పూర్‌లోనైతే వానాకాలపు తేమ సున్నంలోకీ, మిశ్రలోహపు ముక్కల్లోకీ, కొత్తగా పేర్చిన ఇటుకల్లోకీ చేరి ఉక్కులో హైడ్రోజన్‌గా కరుగుతుంది కాబట్టి, పనిలోకి దించేముందు ఈ పాత్రను ఖాళీగానే బాగా వేడి చేస్తారు.